పురుగు తిన్న సున్నా

చెరువు తెగిన రాత్రి నూటపది మంది పోయినారని
మూడు పుస్తకాల్లో ఉంది.
ముగ్గురు సాక్షులు దొరికినారని సంబరపడి
చిత్తుప్రతిలోకి ఎక్కించేసినాను.

అనంతపురం, మే నెల, యూనివర్సిటీ లైబ్రరీ.
ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం లేదు.
దస్తగిరమ్మ మేడం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
ఒకటే అడిగింది:
"ఎవరు చెప్పినారు?"

పేజీ అడుగున సన్నక్షరాలు పట్టుకుని దిగినాను.
మూడో పుస్తకం రెండోదాన్ని చూపించింది,
రెండోది మొదటిదాన్ని.
మొదటిది ఎవర్నీ చూపించలేదు.
"ముగ్గురూ ఒకే బోరు నీళ్లు తాగినోళ్లే," అంది మేడం.
"ఆ బోరు ఎక్కడేసినారో కనుక్కో పో."

ఫోన్ని అడిగితే
అరక్షణంలో నూటపదే అనింది,
ఆ రాత్రి కట్ట మీద తానూ ఉన్నట్టు.

పన్నెండు రోజులు కలెక్టరాఫీసు పాతగదిలో
నాకు తుమ్ములు, అటెండరు ఓబులేసుకు టీలు.
చివరికి కరణం చేతిరాత:
ఎద్దులు నలభై. వాములు ఆరు.
మనుషులు, ఒక ఒకటి, పక్కన ఇంకో ఒకటి,
దాని పక్కన
పురుగు తిన్న గుండ్రటి బొక్క.

వేలు పెట్టి చూసినాను.
కింది పేజీలో ఎవరిదో శిస్తు బకాయి తగిలింది.
ఆ బొక్కలో తొంభై తొమ్మిది మంది
ఉన్నారో, లేరో.

రాత్రి హాస్టల్లో నూటపది కొట్టేసినాను.
పదకొండు రాయబోయి ఆగినాను.
ఎల్లుండే గడువు.
అడుగున సన్నక్షరాల్లో
రిజిస్టరు నంబరు, పేజీ,
బొక్క కొలత కూడా రాసినాను.
రేపెవరైనా "ఎవరు చెప్పినారు?" అంటే
పురుగు దాకన్నా దారి ఉండాల కదా.