పన్నెండు నిమిషాల నీలం

కళ్ళకి నల్లద్దాలు పెడతావు.
అరచేతులు పైకి తిప్పమంటావు,
ఏదో అడుక్కుంటున్నట్టు.
మూత దించి మీట నొక్కుతావు.
రావులపాలెంలో, రెండో అంతస్తులో,
కింద అరటిగెలల వేలం కేక
మెట్లెక్కి నా పన్నెండు నిమిషాల్లోకి వస్తుంది.

అమ్మాయ్ షకీనా,
నాకేం తెలియదనుకోకు.
మూసిన రెప్పల వెనకాల కూడా
నీలం నీలంగానే ఉంటుంది.
మొదటిరోజు కాలుతుందేమోనని
పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.
కాలలేదు. చల్లగానూ లేదు.
దీనికా నాలుగొందలు, అనుకున్నాను.

మాది కడియపులంక.
అంటు కట్టడం నా పని.
గులాబీ కొమ్మకి టీ అక్షరంలా గాటు పెట్టి
కన్ను దూర్చి, రిబ్బను చుట్టి,
రోజుకి మున్నూరు.
పదహారేళ్ళ నుంచి ఎన్ని ఊళ్ళలో పూశాయో,
వాటి మీద నా పేరు లేదు,
వేలిముద్ర ఉంది.
ఇప్పుడా ముద్రే పొలుసులై రాలుతోంది,
చేప తోమిన బండలా ఉంది అరచెయ్యి.

మొన్న కారులో వచ్చినావిడ
మొక్క ముచ్చటగా తీసుకుంది.
చిల్లర ఇవ్వబోతే
"అక్కడ పెట్టమ్మా" అంది.
అక్కడంటే కుండీ అంచు మీద.
నేను కట్టిన అంటు కావాలి,
నన్ను అంటిన పదిరూపాయలు వద్దు.

డాక్టరమ్మ కాగితం మీద గీసి చెప్పింది.
ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదంది.
అందరికీ నెలకి మారే తోలు
నాకు నాలుగు రోజులకే మారుతోందట.
పాతది రాలకముందే
కొత్తది తోసుకుని వస్తోందట.
జబ్బంటే చిక్కిపోవడమనుకున్నాను ఇన్నాళ్ళూ.
తొందరపడి పెరగడం కూడా జబ్బేనా!

నవ్వొచ్చింది. ఆవిడ బెదిరింది.
నాకు చామంతి మడి గుర్తొచ్చిందండీ అన్నాను.

పొద్దు పొట్టిదవగానే
చామంతి మొగ్గ తొడిగేస్తుంది,
జానెడు కాడైనా లేకుండా.
అందుకే మడి మీద తీగలు లాగి
నడిరేయి బల్బులు వేస్తాం.
ఇంకా పొద్దుంది, ఆగవే అని
దానికో అబద్ధం చెబుతాం.
పిచ్చిది, నమ్ముతుంది.
మొగ్గ మాట మరిచిపోయి
పచ్చగా, నిదానంగా, నడుమెత్తు పెరుగుతుంది.

నువ్వూ నా చేతులకి అదే చెబుతున్నావా?

ఆరోసారి వచ్చినప్పుడు కరెంటు పోయింది, గుర్తుందా?
ఏడు నిమిషాల దగ్గర గడియారం ఆగింది.
నువ్వు మూత ఎత్తి,
ఫోను వెలుతురులో నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి,
"ఇక్కడ మెత్తబడిందండీ" అన్నావు.
తొడుగులు వేసుకోవడం మరిచిపోయావు.
నేను గుర్తు చెయ్యలేదు.

నీ చెంపల నిండా మొటిమలే కదా,
నువ్వెందుకు పెట్టుకోవు ఈ దీపం, అని అడిగితే
"స్టాఫుకి ఊరికే కాదండి" అన్నావు.
ఇద్దరం చీకట్లో నవ్వాం.
కింద వేలం ఆగలేదు.

ఇప్పటికి పదకొండు సార్లు.
ఎడమచెయ్యి మాట విన్నది.
కుడిచెయ్యి, కత్తి పట్టేది,
ఇంకా వినడం లేదు.
మళ్ళీ చలికాలానికి రావచ్చునంది డాక్టరమ్మ,
పూర్తిగా పోతుందని నేను చెప్పలేను అంది.
అబద్ధం చెప్పనందుకు
ఆవిడంటే నాకు గురి కుదిరింది.

బస్సులో వెళ్తూ వంతెన మీంచి చూశాను.
వరద తీసిన గోదారి
మధ్యమధ్య ఇసక మేటలు తేలి
తెల్లగా, పొరలు పొరలుగా.
ఎవరూ దానికి మందు రాయడం లేదు.

రాత్రి బల్బులు వేసే వంతు నాది.
వేశాను. పురుగులు మూగాయి.
ఆ పసుపు వెలుతురు కింద
కాసేపు చేతులు చాపి నిలబడ్డాను.
అరవై వాట్ల బల్బుకి అంత మహిమ లేదని తెలుసు.
అయినా నిలబడ్డాను.

వచ్చే మంగళవారం నీకో అంటు తెస్తాను.
ఎర్రది, ముద్దగా పూసే రకం.
ఊరికే ఇవ్వను, పదిరూపాయలివ్వు.
బల్ల మీద కాదు, చేతిలో పెట్టు.
రిబ్బను ఇరవై రోజుల దాకా విప్పకు.
కన్ను లేచిందో లేదోనని గోటితో గిల్లకు.
గిల్లాలనిపిస్తుంది.
నాకు తెలుసు.