పడవ రాని మూడు రోజులు

కుపాంగ్ నుంచి రోతెకి పెద్ద పడవ,
రోతె నుంచి ఎన్‌దావోకి చిన్న పడవ,
అక్కడి నుంచి ఇంకెక్కడికీ లేదు.
ఫోన్‌లో మ్యాపుని వేళ్లతో ఎంత సాగదీసినా
నీలం మీద నీలమే.
అందుకే వచ్చాను, నిజం చెప్పాలంటే.
ఎవరూ చూడనిదాన్ని నేను చూశానని
ఎవరితోనైనా అనాలని.

వచ్చిన మర్నాడే గాలి మారింది.
నెహెమియా తన పడవని ఇసుక మీదికి లాగి
ఓ పక్కకి ఒరిగించి, దాని నీడలో పడుకున్నాడు.
ఎప్పుడు బయలుదేరతాం అంటే
"బేసోక్" అన్నాడు. రేపు.
మర్నాడు అడిగితే, బేసోక్.
ఆ మర్నాడు అడక్కముందే, బేసోక్.
చిన్నప్పుడు మా వీధిలో తలుపు తలుపుకీ
దయ్యం కోసం సుద్దముక్కతో రాసిపెట్టిన మాట:
రేపు రా.
దయ్యం చదువుకుని వెళ్లిపోయేదట,
రోజూ వచ్చి, రోజూ చదువుకుని.
దాని కష్టం ఇప్పుడు తెలిసింది.

నాకు చోటిచ్చినావిడ పేరు ఓర్పా.
చివరి అచ్చు ఒక్కటి మారిస్తే
మా భాషలో నీ పేరుకి పెద్ద అర్థం ఉందని
వచ్చీరాని ముక్కల్లో చెప్పబోయాను.
ఏమిటది, అంది.
చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని
కదలకుండా కూర్చుని చూపించాను.
"ఒళ్లు బాలేదా?" అంది.

మగ్గానికి ఒక కొస గుంజకి, రెండో కొస ఆమె నడుముకి.
వెనక్కి వాలితే దారాలు బిగుస్తాయి,
ముందుకి వంగితే ఊపిరి తీసుకుంటాయి.
ఎండలు ముదరగానే ఇక్కడి మగవాళ్లు
సుత్తీ కొలిమితిత్తీ మూటగట్టుకుని
దీవి దీవికీ వెండిపని వెతుక్కుంటూ పోతారు.
యెర్మియాస్ ఈసారి ఫ్లోరెస్ వైపు వెళ్లాడట.
ఎప్పుడొస్తాడు?
ఆమె బేసోక్ అనలేదు.
నేతలో ఇంకా రంగెక్కని చోటు
వేలితో చూపించింది.

రెండో రోజు దక్షిణం కొసకి నడిచాను.
ఎవరూ తొక్కని తెల్ల ఇసుక ఉంటుందని.
ఉంది.
దాని మీద ఓ ఒంటికాలి చెప్పు, మేక పెంటికలు,
సముద్రపు నాచు ఎండబెడుతున్న కుర్రాడు.
ఆ తీరానికి పేరుంది.
పన్నెండేళ్లుగా దాని గురించి
ఇద్దరన్నదమ్ముల మధ్య మాటల్లేవు.
ఫోటో తీయబోతే కుర్రాడు అడిగాడు,
"మీరు పెదనాన్న వైపా, చిన్నాన్న వైపా?"

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు మా వైపు.
ఇక్కడ తాటిచెట్టు కింద తాగనివాళ్లెవరు?
పొద్దున్నే ముసలి మెసాఖ్ చెట్టు దిగి
తాటాకు బుట్టలోంచి పోస్తే
చంటిపిల్ల, చర్చి గురువు, నేను
ఒకే దొప్పలో.
మిగిలింది పాకం కాస్తారు.
పస్తుల నెలల్లో నీళ్లు కలుపుకుని
అదే అన్నం.

మూడో రాత్రి ఓర్పా అడిగింది, మీదేవూరు?
జంగారెడ్డిగూడెం, అన్నాను.
పగలబడి నవ్వి, పక్కింటివాళ్లని పిలిచింది.
ఇంకోసారి చెప్పించారు. ఇంకోసారి.
ఎవరూ వినలేదు ఆ పేరు.
"చూడ్డానికి ఎవరైనా వస్తారా అక్కడికి?"
రారు.
"సముద్రముందా?"
లేదు.
"మరి అంతమంది అక్కడ ఏం చేస్తారు?"
జవాబు కోసం తడుముకుంటుంటే
జాలిపడి
నా కంచంలో ఇంకో ఎండుచేప వేసింది.

నాలుగో రోజు ఎవరూ చెప్పకుండానే గాలి ఆగింది.
ఆ బట్ట కొంటానని అడిగాను. తల అడ్డంగా ఊపింది.
దానికి బదులు పాతసీసాలో తాటిపాకం,
మూతకి గుడ్డపీలిక.

దారిపొడుగునా అలలు.
పడవలో రెండు మేకలు, నేను, నెహెమియా మౌనం.
సీసా కారి, సంచిలో నోటుపుస్తకం తడిసింది.
దారులూ దూరాలూ పడవ వేళలూ
రాసుకున్న పేజీలన్నీ అతుక్కుపోయాయి.
విడదీస్తే చిరుగుతున్నాయి.

ఇంటికొచ్చి బల్లమీద పెట్టాను.
తెల్లారేసరికి
కిటికీ నుంచి పుస్తకం దాకా
చీమల బారు.