సున్నా పెసోలు

తప్పు నాదే. ముందే చెప్పేస్తున్నాను.
ఫోన్లో ఆవిడ "సాన్ కార్లోస్" అంది.
తెర మీద రెండు సాన్ కార్లోస్‌లు
ఒకదాని కింద ఒకటి, కవల పిల్లల్లా.
భోజనాల వేళ.
పైదాన్ని నొక్కాను.

దక్షిణాన నెగ్రోస్ దీవికి,
చెరకు లారీలు తిరిగే ఊరికి ఎగరాల్సిన మనిషి
మనీలాలో బస్సెక్కి
ఐదు గంటలు ఉత్తరానికి పోయింది.
ఒళ్లో పాపాయి తెల్లగౌను,
చేతిలో జ్ఞానస్నానపు కొవ్వొత్తి.
మధ్యలో సముద్రముండాలి కదా అనుకుందట.
ఇక్కడ బస్సుల్నే ఓడలెక్కిస్తారు,
ఓడ వస్తుందిలే అని
కిటికీకి తల ఆనించి నిద్రపోయిందట.

మూడు వారాలకు కవరొచ్చింది.
ప్రుదెన్సియా మగ్‌సినో, దర్జీ, వయసు అరవై రెండు.
గళ్ల కాగితం మీద, కుట్టులాంటి చేతిరాత:
వెనక్కి బస్సు, నాలుగు వందల ఎనభై.
లేని వీధి కోసం ఊరంతా తిప్పిన ట్రైసైకిలు, అరవై.
కొత్త విమానం టికెట్టు, ఐదువేల మూడు వందల పన్నెండు
(అంకె కింద రెండు గీతలు).
ఎండకు వంగిపోయిన కొవ్వొత్తి, ముప్పై అయిదు.
"గుడిలో నా బదులు ఇంకెవరో జ్ఞానతల్లిగా నిలబడ్డారు.
దానికి ఖర్చేమీ కాలేదు."

అన్నిటికీ రసీదులు, గుండుసూదితో.
ఆఖరిది బియ్యపు కేకులు చుట్టే కాగితం.
దాని మీద వేరే చెయ్యి రాసింది:
ఒక చాప. సగం చేప. రాత్రంతా దోమల బత్తి.
సున్నా పెసోలు.
కింద సంతకం, దొమింగా, బస్టాండు ఎదురుగా.

"డబ్బిస్తే తీసుకోలేదు.
ఎవరి తప్పుకో ఆమె అన్నం పెట్టింది.
ఈ సున్నా నాకొద్దు,
ఆమెకే చేర్చండి."

నా ఉద్యోగంలో సున్నాలు చేర్చడం లేదు.
అయినా గడిలో కొట్టాను.
మొత్తం సున్నా కన్నా ఎక్కువ ఉండాలి,
ఎర్రగా అంది తెర.
మళ్లీ కొట్టాను. మళ్లీ అంది.
చివరికి ఒకటి కొట్టాను.

నలభై ఒక్క రోజులకు ప్రుదెన్సియాకు డబ్బు వెళ్లింది,
సర్వీసు రుసుము కోసుకుని,
కొవ్వొత్తి "ప్రయాణ ఖర్చు కాదు" అని కొట్టేసి.
ఆ మర్నాడు పై అంతస్తు నుంచి అకౌంట్స్ రెనాటో
ఒక చెక్కు ఊపుకుంటూ దిగాడు.
"ఎవరయ్యా ఈ దొమింగా? ఒక్క పెసో ఏమిటి?
ఈ చెక్కు కాగితమే నాలుగు పెసోలు!"

చేపకి, అన్నాను.
సగం చేపకి.

వాడు నన్ను చాలాసేపు చూశాడు.
చెక్కు నా బల్ల మీద పెట్టి పోయాడు.
పోస్టు చెయ్యలేదు నేను, చింపనూ లేదు,
స్టేప్లరు కింద ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
అడక్కుండానే పెట్టిందొకావిడ,
అడగాల్సినవాణ్ణి అడగలేదు నేను.
ఇవాళ పొద్దున ఒక కుర్రాడు ఫోన్లో, హడావిడిగా:
"సాన్ కార్లోస్‌కి ఒకటి, తొందరగా."
ఏ సాన్ కార్లోస్ బాబూ, అన్నాను.
"రెండున్నాయా?" అన్నాడు.