రేకుపూలు

ఇకీకే దాటాక రెండు గంటలు.
ఎలెయుతేరియో బండి ఆపి "ఇదే ఊరు" అన్నాడు.
నేల తప్ప ఏమీ లేదు.

ఒకప్పుడు ఇక్కడ సురేకారం తవ్వేవాళ్లు.
నాలుగు వేలమంది, ఒక బ్యాండు మేళం,
కూలీకి బదులు రబ్బరు బిళ్లలు,
కంపెనీ కొట్లో తప్ప ఎక్కడా చెల్లనివి.
తర్వాత సముద్రాల అవతల ఎవరో
గాలిలోంచి ఎరువు తీయడం నేర్చారట.
ఊరిని విప్పుకుపోయారు:
తలుపులు, పట్టాలు, నాటకశాల చెక్కలు.
శ్మశానానికి మాత్రం బేరం రాలేదు.

నా సంచిలో అమ్మ రాసిచ్చిన కాగితం:
"మీ అమ్మమ్మ ఎర్మెలిందా వాళ్ల నాన్న హసింతో తాపియా.
తూటామందు కూరే పని.
ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు."
వేళ్ల సంగతి సమాధి మీద రాయరమ్మా అంటే
"ఉండనీ, పనికొస్తుంది" అంది.

వానే ఎరగని చోటు.
చెక్క సిలువలు కుళ్లవు,
ఎండకి పీచు లేస్తాయంతే.
రంగుతో రాసిన పేర్లని
గాలి చదివి చదివి చెరిపేసింది.
ఒకదాని మీద "నికా" మిగిలింది.
ఒకదాని మీద ఏడాది ఉంది, మనిషి లేడు.
ఒకచోట నేల కుంగి నల్ల బూటు మడమ.
నేను అటు చూడలేదు.
చూశాను.

పువ్వులు మాత్రం ఉన్నాయి.
ఇక్కడ ఏదీ పూయదు గనక
ఆడవాళ్లు పాలడబ్బాలు కత్తిరించి చేసేవారు,
రేకుతో రేకులు, నడుమ ఒక మేకు.
తుప్పు పట్టాకే వాటికి రంగొచ్చింది.
గాలి వీస్తే సన్నగా గలగలమంటాయి,
పక్కింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టు.

హసింతో దొరకలేదు.

మూడో వరసలో ఇనుప ఊచల ఉయ్యాలలు.
పిల్లల కోసం రాలేదు నేను,
గబగబా దాటేస్తుంటే
రేకు మీద మేకుతో పొడిచిన చుక్కల అక్షరాలు:
ఎర్మెలిందా తాపియా.
పదకొండు నెలలు. 1919.

అమ్మమ్మ పుట్టింది 1921లో.
నా పెళ్లి చూసి పోయింది.
ఆరికాలో, సముద్రం కనిపించే చోట,
నేనే పిడికెడు మట్టి వేశాను.

ఎలెయుతేరియో టోపీ తీశాడు.
"పేరు ఖాళీగా ఉంచేవారు కాదమ్మా.
మా ఇంట్లోనూ నాకు ముందు
ఒక ఎలెయుతేరియో ఉన్నాడు."

పోయిన బిడ్డ గౌను, పోయిన బిడ్డ దుప్పటి,
పోయిన బిడ్డ పేరు.
ఏదీ పారేసే రోజులు కావు.
పేరు నిలబెట్టాలి అంటారే,
ఎనభై మూడేళ్లు నిలబెట్టింది అమ్మమ్మ,
ఎవరిదని అడక్కుండా.
అడిగిందేమో.

దగ్గరగా వంగి చూస్తే
ప్రతి అక్షరం చివరా చుక్కలు కిందికి జారాయి.
మేకు కొట్టే చెయ్యి బాగానే ఉంది,
రేకుని అదిమిపట్టాల్సిన చెయ్యే పట్టలేకపోయింది.
అమ్మా, వేళ్లు పనికొచ్చాయి.

ఊడిన పువ్వొకటి మేకుకి గుచ్చాను.
నా వేలు తెగింది, కొంచెమే.
రేకు వెనక ఇంకా ఉంది
పాలడబ్బా ఆవు, ఒంటికన్నుతో.

అమ్మమ్మ ఒక్క పిలుపుకి పలికేది కాదు.
చెవుడనుకునేవాళ్లం.
రెండోసారి పిలిస్తే
చేతిలో పని ఆపి, తలెత్తి,
"ఆఁ, నన్నేనా?" అనేది.