కమ్ కీలో?

పన్నెండేళ్లుగా ఫహాహీల్‌లో కార్గో దుకాణం నాది.
ఊరికి పోయే ప్రతి అట్టపెట్టె
నా చేతి మీదుగానే కాటా ఎక్కుతుంది.
పాలపొడి, దుప్పటి, టాంగ్ డబ్బా, సెంటు సీసాలు,
ఎవరి పిల్లకో గోడగడియారం.
కిలోకు ఇంతని లెక్కగట్టి, టేపు చుట్టి,
నల్ల స్కెచ్ పెన్నుతో
రాజంపేట, పుల్లంపేట, చిట్వేలి అని రాస్తా.

ఒక రాత్రి షట్టర్ దించాక
ఎవరూ చూడట్లేదు కదా అని
నేనెక్కా.
తొంభై ఆరు.
నన్ను ఊరికి పంపాలంటే ఎంతవుతుందో
నోటిలెక్క వేసి నవ్వుకున్నా.
కాసేపటికి నవ్వు రాలేదు.
వచ్చినప్పుడు యాభై ఎనిమిదే.
పాత పాస్‌పోర్టు ఫోటోలో ఆ మెడ ఎముకలు ఎవరివో.

లీవుకు పోయిన ప్రతిసారీ
"కువైట్ నీళ్లు బాగా పట్టినాయిరా ఓబులేసూ" అనేవాళ్లు.
ఇక్కడ నీళ్లెవరు తాగినారు, పెప్సీ గాని.
రాత్రి పదకొండుకు మూడు ఖుబ్జులు, మాంసం పులుసు,
చెయ్యి కడిగి అట్లే మంచం.
ఆ బొజ్జ నా ఒక్కడిదీ కాదులే,
అప్పులు తీరాయని ఊరికి చూపించే రసీదు.

షుగరన్నాడు డాక్టరు.
నలభై ఏడుకే తొందరపడిందన్నాడు, అదేదో రైలైనట్టు.
శుక్రవారం సంతలో దీనారున్నరకు
ఎవరో తొడిగి వదిలేసిన బూట్లు.
లోపల ఇంకా ఆ మనిషి బొటనవేలి గుంత.
మొదటి వారం అతని పాదంతోనే పరిగెత్తా.

ఫజర్ బాంగుకు ముందు, సముద్రం పక్కన.
ఆ వేళప్పుడే గాలి
ఇడ్లీపాత్ర మూత తీసినట్టుంటుంది.
దూరంగా రిఫైనరీ మంట, నాలాగే నిద్రపట్టనిది.
తొలిరోజు రెండు దీపస్తంభాలు.
మూడోదాన్ని కౌగిలించుకుని ఒగరుస్తుంటే
కాపలా సబ్రీ కుర్చీలోంచి లేచి
"ఎవరు తరుముతున్నారు?" అన్నాడు.

ఎవరూ తరమకుండా పరిగెత్తడం
నాకూ కొత్తే.
అంతకుముందు ఇక్కడ ఒక్కసారే పరిగెత్తా,
ఖల్లివల్లిగా ఉన్న రోజుల్లో, జలీబ్ సందుల్లో,
ఒంటికాలి చెప్పుతో.
పోలీసు బండి నీలం వెలుగు
గోడల మీద నాకంటే ముందురికింది.
నీళ్లట్యాంకు వెనక నాలుగు గంటలు
ఊపిరి చప్పుడు కాకుండా
మోచెయ్యి కొరుక్కుంటూ కూర్చున్నా.

పోయిన మంగళవారం, పరుగు మొదలెట్టిన ఎనిమిదో నెలలో,
అదే నీలం వెలుగు
పక్కకొచ్చి నా వేగానికి తగ్గింది.
జేబులో బతాకా ఉంది. అకామా ఉంది.
మోకాళ్లకు ఎవరు చెప్పాలి?
అవి అప్పుడే జలీబ్‌కు పోయినాయి.
అద్దం దిగింది.
మీసమింకా కుదురుకోని కుర్రాడు.
"కమ్ కీలో?"
ఎన్ని కిలోలని.
నాకు తెలిసిన కిలో ఒక్కటే.
"తమంతాష్" అన్నా. పద్దెనిమిది.
కళ్లు పెద్దవి చేసి, "మాషాల్లా" అని
సెల్యూట్ లాంటిదేదో కొట్టి వెళ్లిపోయాడు.
పది స్తంభాలు దాటితే గాని వెలగలేదు,
వాడడిగింది దూరమని.
పరిగెత్తింది ఐదే.
నడుము పట్టుకుని ఒక్కణ్ణే నవ్వా,
సబ్రీ మళ్లీ లేచి నిలబడేంత.

పద్దెనిమిది కిలోలంటే మధ్యరకం పెట్టె.
అడ్రసు రాయలేదు, బిల్లు కొట్టలేదు,
యాడికి పోయిందో.

వీడియో కాల్‌లో సుబ్బరత్న
నన్ను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.
"ఏం జబ్బు? దాచొద్దు" అంది.
"పెళ్లిలో అందరూ అడుగుతున్నారు,
మీ ఆయనకు పని పోయిందంట కదా అని."
ఏం చెప్పాలో తెలియక
ఫోను కిందికి దించి బూట్లు చూపించా.
చాలాసేపు చూసింది.
"ఆ ఎడమకాలి లేసు ఊడింది,
కట్టుకో" అంది.