పిక్క, పిక్కు

పర్లాకిమిడిలో ఒడియా మాట్లాడి పాలు కొని
ఏడింటి బస్సులో పాతపట్నం దాటి
జీడిబట్టీ గేటు దగ్గర తెలుగులోకి దిగుతాను.
రోజుకెన్ని పిక్కలు ఒలిచానో మేస్త్రీ రాసుకుంటాడు,
ఎంత జీడి అంటిందో నా వేళ్ళు రాసుకుంటాయి.
బూడిద పులుముకున్నా దిగుతుందది, చర్మం కిందికి.
రేషను మిషను నా బొటనవేలిని మూడుసార్లు నొక్కించుకుని
ఈవిడెవరో తెలీదంటుంది.

అలాంటి వేలితో బేసు గిటారు లావు తీగ లాగితే ఏమవుతుందో
మా చర్చిలో ముందు బల్ల వాళ్ళకి తెలుసు.
నా తెల్లచీర మీద నెత్తుటి చుక్క చూశారు,
పాట మాత్రం ఆపలేదు.

"పిక్కు పెట్టుకోవే సలోమీ" అన్నాడు డ్రమ్ముల ఎనోసు.
ఎనోసు గొమాంగో, కొండ మీది సవర కుర్రాడు,
మాటకి తడుముకుంటాడు గాని తాళానికి తడుముకోడు.
పిక్క లొలిచే చేతికి మళ్ళీ పిక్కేటిరా, అని
ఇద్దరం నవ్వీ నవ్వీ ప్రాక్టీసు పాడుచేసుకున్నాం.

బరంపురం కొట్లో అద్దం కింద పిప్పరమెంట్లలా ఉన్నాయి.
పలచని పచ్చది లావు తీగ తగలగానే
గాలికి రేకు తలుపులా వంగి, ఎప్పటికో వెనక్కొచ్చేది.
అప్పటికి ఎనోసు తర్వాతి దరువులో ఉండేవాడు.
మందపాటి నల్లది బాగుంది, చాలా బాగుంది,
చెమటకి జారి పాస్టరుగారి చెప్పు కిందికి పోయింది.
ప్రార్థన ఆవేళ పొడుగు.
గడువైపోయిన ఏటీఎం కార్డు కత్తిరించాను,
నాలుగంకెలు ఇంకా దాని మీదే ఉన్నాయి;
ప్రతి దెబ్బకీ టిక్కు, బల్లి పలికినట్టు.
బల్లికి సత్యమనేవాళ్ళు మా చర్చిలో లేరు.
హవాయి చెప్పు మడమ ముక్క
నిద్రలో ఎవరో గచ్చు మీద నడిచినట్టు మోగింది.
దానితోనే సర్దుకుపోదామనుకున్నాను,
రెండు ఆదివారాలు సర్దుకుపోయాను కూడా.

కొమ్ముపని బిప్రచరణ మహారణా అరుగు మీద
నల్లకొంగలు, రొయ్యలు, దువ్వెనలు.
నేను గీసిన బొమ్మ తిప్పి తిప్పి చూసి
"ఎటా కోణ?" అన్నాడు. "ఏ పిట్ట రెక్క?"
పిట్ట కాదు తాతా, తీగని లేపేది.
తెగిన పాత తీగ ఇస్తే చెవి దగ్గర పెట్టుకోలేదు,
రెండు వేళ్ళ మధ్య నలిపాడు.
"ఇంత లావా! మరి కొస దేనికి? మోకుకి సూది పెడతారేటి?"
కొమ్ముకి నూనె రాసి నిప్పు చూపిస్తే
వానలో తడిసిన గేదె వాసన వీధంతా నడిచింది.
రాయి కింద అణిచాడు, ఆకురాయి పట్టాడు, బొగ్గుపొడి రుద్దాడు,
మూడు మూలలూ వేలి కొసలంత గుండ్రం.
కొంగ చెక్కగా మిగిలిన ముక్కే, డబ్బులొద్దన్నాడు.

క్రిస్మస్ రాత్రి రెండో పాట సగంలో కరెంటు పోయింది.
బాక్సు చచ్చిపోతే బేసుకి గొంతుండదు.
ఆపడం మర్చిపోయాను.
చీకట్లో కొమ్ము తీగని తాకే చప్పుడొక్కటే,
ఎండిన చింతకాయ లోపల గింజ కదిలినంత.
దాన్ని పట్టుకునే వాయించాడు ఎనోసు.
జనం అతన్ని పట్టుకుని పాడారు.
కరెంటు వచ్చాక అందరూ అతన్నే మెచ్చుకున్నారు, నేనూ.

పొద్దున్న గేటు దగ్గర తనిఖీ.
కొంగు ముడి విప్పించి వాచ్‌మన్ పైకెత్తాడు,
"ఇదే పిక్క?"
గిటారు పిక్కంటే నమ్మలేదు.
నోట్లో పెట్టుకుని కొరికాడు, ముఖం చిట్లించి
నా చేతిలో పడేశాడు.

పంటి గాటు పడింది దాని మీద, అడ్డంగా, లోతుగా.
ఆదివారం చూసుకున్నాను, సరిగ్గా బొటనవేలు ఆనే చోటే.
ఇప్పుడు ఎంత చెమట పట్టినా
జారదు.