ఆవలి గట్టు

పడవ అద్దెకిచ్చింది నేనే.
టాంపెరె నుంచి వచ్చారు, జూన్ చివర్లో,
మా ఉత్తరాన సూర్యుడు కుంకడం మానేసే రోజుల్లో.
ఆర్నె సంతకం పెట్టాడు. హిల్కా
లైఫ్ జాకెట్ల పట్టీలు ఒకటికి రెండుసార్లు లాగి చూసింది.
"ఇది పట్టుకో" అన్నాడు. "అక్కడ పెట్టు" అంది.
కాపురం పాతబడితే ముందు రాలిపోయేవి పేర్లే.

చెబుదామా వద్దా అని తటపటాయించాను.
వాళ్లు దిగబోయే దీవికి ఎదురుగా రాతిగట్టు ఉంది.
దానికి మాట ఆలస్యంగా అందుతుంది.
అటు వలేసిన రోజు నోటికి తాళం వేసుకోమనేది మా అమ్మ.
చెప్పలేదు.
డెబ్బై యూరోలు లెక్కపెట్టి జేబులో వేసుకున్నాను.

మిగతాది హిల్కా చెప్పిందే,
నా వంటింట్లో, ముట్టని కాఫీ ముందు.

మొదటి రాత్రి. రాత్రి అనడానికేముంది,
గుడారం గుడ్డలోంచి ఉల్లిపొర రంగు వెలుతురు,
కళ్లు మూసుకుంటే రెప్పల లోపలా పగలే.
మరిచిపోయిన గ్యాస్ డబ్బా దగ్గర మొదలైన తగువు
అతను చెప్పకుండా చేసిన అప్పు దాకా పాకింది.
"నువ్వు లేకపోతే నాకు ఊపిరాడుతుంది" అందిట.
నీళ్లు ఊరుకున్నాయి.

మర్నాడు సరిగ్గా అదే వేళకి
గట్టు అంది:
నువ్వు లేకపోతే నాకు ఊపిరాడుతుంది.
ఆమె గొంతే.
ఆ మాట వెనక ఆమె మింగిన గుటకతో సహా.
పెనం మీద చేప మాడింది, ఎవరూ తిప్పలేదు.

ఆ తర్వాత సైగలే.
ఉప్పు కావాలంటే చెయ్యి చాపడం,
దగ్గొస్తే దిండులో దగ్గడం.
గట్టుకి మేత పెట్టకూడదని.

శనివారం, ఎవరూ ఏమీ అనకుండానే,
గట్టు పిలిచింది.
ఆర్నె.
ఆర్నె. ఆర్నె!
ఆమె గొంతు, ఆమె ఇంకా పిలవని పిలుపు,
గులకరాళ్ల మీద పరుగెత్తే పాదాల చప్పుడుతో.
బదులు లేదు.

దుంగ మీద కూర్చుని ఇద్దరూ విన్నారు,
రేడియోలో ఎవరిదో నాటకం విన్నట్టు.
అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.
ప్రేమ కాదు, అంది నాతో.
కానీ చెయ్యే కదా.

అతని చొక్కా అంచు వేలికి చుట్టుకుని పడుకుంది.
నోరు తెరవకపోతే జరగదనుకుంది.
మెలకువ వచ్చేసరికి
వేలికి ఒక గుండీ, దాని దారం.
నీటి అంచున అతని బూట్లు,
మేజోళ్లు మడిచి లోపల పెట్టినవి.
పెదవి కొరుక్కుని నిలబడింది.
ఎంతసేపు ఆపుకుందో తెలీదట.
ఆఖరికి పిలిచింది.

ఆమెకి గానీ, పోలీసులకి గానీ
నేను చెప్పనిది ఒకటుంది.
శనివారం సాయంత్రం వల కడుగుతుంటే
నీళ్ల మీదుగా ఒక ముసలి గొంతు వచ్చింది,
నాదే:
ఒక్కరేనా?
ఎవర్నడిగానో, ఎన్నడడిగానో అనుకున్నాను.
వల ఆరేశాను.
ఇంకో పడవ ఉంది. మోటారు నిండా నూనె ఉంది.

ఆదివారం ఆ పడవ తిరిగొచ్చింది,
రెండు తెడ్లూ ఒకరి చేతుల్లో.
రేవులో వంగి తాడందుకుంటూ
అడిగాను.